చెకర్లకు ఒక రోజు ట్రైనింగ్ పెట్టాలి, నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి ప్లాన్ చేయడం ఎలా?

సుజాత_బొమ్మసంద్ర

అందరికీ నమస్కారం. బెంగళూరు బొమ్మసంద్రలో ఒక గార్మెంట్ యూనిట్‌లో ట్రైనింగ్ పని చూస్తుంటాను. వచ్చే నెల ఒక శనివారం 22 మందికి రోజంతా ట్రైనింగ్ ఇవ్వాలి. అందరూ ఆడవాళ్ళే. ఏళ్ళ తరబడి మిషన్ మీద కుట్టినవాళ్ళు ఇప్పుడు లైన్ చివర చెకర్లుగా, అంటే కుట్టిన పీసుల్లో తప్పులు చూసేవాళ్ళుగా మారుతున్నారు. సగానికి పైగా మనవాళ్ళే, కుప్పం, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. మిగతావాళ్ళలో కన్నడం వాళ్ళు, రోజూ హోసూరు నుంచి బస్సులో వచ్చే తమిళం వాళ్ళు, నలుగురు ఒడిశా అమ్మాయిలు ఉన్నారు.

నాకు పై నుంచి 90 స్లైడ్‌ల పీపీటీ ఇచ్చారు. క్వాలిటీ అంటే ఏమిటి అనే దగ్గర మొదలై కంపెనీ పాలసీ, డిఫెక్ట్‌ల రకాలు, ఏక్యూఎల్ (లాట్‌లోంచి కొన్ని పీసులు తీసి చూసి పాస్ చేసే కొలత), డీహెచ్‌యూ (వంద పీసులకు ఎన్ని తప్పులు అనే లెక్క), నీడిల్ పాలసీ (సూది విరిగితే ఏం చేయాలనే నియమం), చివర్న ధన్యవాదాలు. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి చదువుకుంటూ పోతే సాయంత్రం నాలుగున్నరకు సరిగ్గా అయిపోతుంది. సంతకాలు పెట్టించుకుంటాం, గ్రూప్ ఫోటో తీస్తాం, ఫైల్లో పెడతాం. నాకు అలా చేయడం ఇష్టం లేదు. సోమవారం పొద్దున వాళ్ళు టేబుల్ దగ్గర నిలబడగానే పీసులు ఆగకుండా వస్తూనే ఉంటాయి, తప్పున్న పీసు ముందుకు వెళ్ళిపోతే మాట పడేది వాళ్ళే. అలాంటివాళ్ళను ఒక రోజంతా కూర్చోబెట్టి, ఆ రోజు వాళ్ళకు పనికిరాకుండా పోతే అన్యాయం కదా.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఏది తీసేయాలి? ఇలాంటి ట్రైనింగులు చేసినవాళ్ళు, కూర్చున్నవాళ్ళు ఎవరున్నా చెప్పండి.

రామ్మూర్తి_మాస్టారు

సుజాతమ్మా, చాలా మంచి ప్రశ్న. నేను ఇక్కడే ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ కుర్రాళ్ళకు చాలాకాలం పని నేర్పి రిటైర్ అయ్యాను.

ముందు ఆ పీపీటీ మూసేయండి. ఒక తెల్ల కాగితం తీసుకుని, సోమవారం పొద్దున ఆ అమ్మాయి టేబుల్ దగ్గర ఏం చేయగలగాలి అనేది ఒక్క వాక్యంలో రాయండి. "క్వాలిటీ ప్రాముఖ్యతను అర్థం చేసుకుంటారు" అని మాత్రం రాయకండి, అర్థమైందో లేదో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. పాఠం లక్ష్యాలు ఎలా రాయాలో పుస్తకం రాసిన రాబర్ట్ మేగర్ 1962లోనే ఈ సంగతి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అడిగినవి మూడే: ఏం చేస్తారు, ఏ పరిస్థితిలో చేస్తారు, ఎంత బాగా చేస్తే సరే అంటాం. మీ విషయంలో అయితే ఇలా రాయొచ్చు: "టేబుల్ మీద లైటు కింద, స్పెక్ షీట్ (చొక్కా ఎలా ఉండాలో రాసిన కాగితం) పక్కన పెట్టుకుని, కలిపి ఇచ్చిన చొక్కాల్లో తప్పున్నవన్నీ పట్టుకుంటుంది, మంచి పీసును ఆల్టర్‌లో (సరిచేయడానికి వెనక్కి పంపేవాటిలో) వేయదు." రెండో సగం ముఖ్యం. భయం పట్టుకుంటే కొత్త చెకర్ మంచి పీసుల్ని కూడా వెనక్కి పంపేస్తుంది.

ఈ వాక్యం కుదిరాక ఒక్కొక్క స్లైడునూ పట్టుకుని, ఇది లేకపోతే ఆ అమ్మాయి సోమవారం ఈ పని చేయలేదా అని అడగండి. చేయగలదు అంటే ఆ స్లైడు తీసేయండి. 90లో ఎన్ని మిగులుతాయో నాకు మళ్ళీ చెప్పండి.

కుప్పం_పద్మ

సుజాతక్కా, నేను బొమ్మనహళ్ళి దగ్గర వేరే ఫ్యాక్టరీలో చెకర్‌ని. నేను కూడా మిషన్ మీంచి టేబుల్‌కి వచ్చినదాన్నే. మా తరఫు నుంచి చెప్తాను, ఏమీ అనుకోకండి.

మాకు ట్రైనింగ్ అంటే ముందు వచ్చే టెన్షన్ ఇంగ్లిష్. తెర మీద అక్షరాలు పడతాయి, సార్ గబగబా చదువుతారు, అర్థమైందా అంటారు, అందరం అర్థమైంది సార్ అంటాం. కాలేదని ఎవరంటారు? పక్కన సూపర్వైజర్ నిలబడి ఉంటే అసలు అనరు. లైట్లు తీసేస్తే మధ్యాహ్నం భోజనమయ్యాక నిద్ర దానంతట అదే వస్తుంది, పొద్దున నాలుగున్నరకు లేచి వంట చేసి బస్సెక్కినవాళ్ళం కదా.

రెండోది, మాకు ఏమీ తెలియదన్నట్టు మాట్లాడతారు. స్కిప్ స్టిచ్ అంటే ఏమిటో నాకు మీరు చెప్పక్కర్లేదు అక్కా. అది ఎందుకు వస్తుందో, సూది వంగితే వస్తుందో, దారం ఎక్కించడంలో తేడా ఉంటే వస్తుందో మాకు తెలుసు, ఏళ్ళ తరబడి సరిచేసుకుంటూ కుట్టాం. మాకు రానిది వేరే ఉంది. పీసు చేతిలోకి రాగానే కన్ను ఎక్కడ పెట్టాలి, ఏ వరసలో చూసుకుంటూ పోవాలి, ముడత ఎంతవరకు ఉంటే పాస్ చేయొచ్చు, ఎక్కడ దాటితే ఆపాలి, అది రాదు. కుట్టేటప్పుడు నేను చూసింది ఒక్క కఫ్ మాత్రమే, ఇప్పుడు మొత్తం చొక్కా చూడాలి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. నిన్నటిదాకా నా పక్క మిషన్ మీద కూర్చుని నా టిఫిన్ బాక్సులోంచి తిన్న మనిషి కుట్టిన పీసును నేను ఇవాళ వెనక్కి ఇవ్వాలి. ఆమె ముఖం మాడ్చుకుంటుంది, "ఏం, టేబుల్ ఎక్కగానే పెద్దదానివైపోయావా" అంటుంది. ఈ మాటకు భయపడి తప్పున్న పీసు వదిలేసే చెకర్లు ఎంతమందో. ఆ తిరిగి ఇచ్చే మాట ఎలా అనాలో నేర్పండి అక్కా, అది నేర్పితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

పీణ్య_శ్రీను

ప్రొడక్షన్ వైపు నుంచి ఒక మాట. 22 మందిని రోజంతా లైన్ నుంచి తీస్తే ఆ రోజు షిప్‌మెంట్ ఒత్తిడి ఉన్న యూనిట్లో మేనేజర్ ఒప్పుకోడు, ఒప్పుకున్నా మధ్యలో మనిషిని పంపి నలుగురిని వెనక్కి పిలిపిస్తాడు. నేను ఈ సీట్లో కూర్చుని చూస్తున్నదే చెప్తున్నా. పూటకు 11 మంది చొప్పున చేయండి, పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్. అలా రెండు శనివారాలు. ఒక్కొక్కరికి వచ్చే గంటలు అవే, లైన్ ఆగదు.

ఇంకోటి, ఏక్యూఎల్ స్లైడ్లు తీసేయండి. అది పూర్తయిన లాట్‌ను ఆడిట్ చేసేవాళ్ళకు కావాలి. 1201 నుంచి 3200 పీసుల లాట్‌కు ఏక్యూఎల్ 2.5 అంటే మామూలు తనిఖీలో 125 పీసులు తీసి చూడాలి, 7 తప్పు పీసుల దాకా పాస్, 8 అయితే ఫెయిల్. లైన్ చివర టేబుల్ మీద ఉన్న అమ్మాయి ప్రతి పీసూ చూస్తుంది, ఆమెకు ఈ ఏక్యూఎల్ పట్టిక అక్కర్లేదు.

వైట్‌ఫీల్డ్_కిరణ్

నేను సాఫ్ట్‌వేర్ వైపు ట్రైనర్‌ని. మా దగ్గర హెచ్‌ఆర్ వాళ్ళు ముందుగా ఒక ఫారం నింపించమంటారు, ఎవరు చూసి నేర్చుకుంటారు, ఎవరు విని నేర్చుకుంటారు, ఎవరు చేసి నేర్చుకుంటారు అని విడదీసి గ్రూపులు చేయమంటారు. ఇంకా ఆ కోన్ బొమ్మ ఉంది కదా, చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుందని, దాన్ని ప్రతి ట్రైనింగ్ మొదట్లో చూపిస్తారు. సుజాతగారి ప్లాన్‌లో ఈ ఫారం పెట్టడం వల్ల ఉపయోగం ఉంటుందా? లతగారూ, మీరు ఇలాంటివి లోతుగా చదువుతారు కదా, చెప్పండి.

లత_నర్స్_ఎడ్యుకేటర్

కిరణ్, రెండూ వద్దు. ఆ కోన్ ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త 1946లో గీశాడు, ఆయన బొమ్మలో శాతాలే లేవు, ఆ అంకెలు తర్వాత ఎవరో తగిలించారు. ఇక చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు అనే విభజన మీద 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి చూశారు. ఎవరి శైలికి తగ్గట్టు వాళ్ళకు నేర్పితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం దొరకలేదని తేల్చారు. చొక్కా చెక్ చేయడం కంటితో చేతితో చేసే పని, కాబట్టి 22 మందీ కంటితో చేతితోనే నేర్చుకోవాలి. ఫారానికి పోయే అరగంటను పీసులకు ఇవ్వండి.

దానికి బదులు నిజంగా పనిచేసే సంగతి ఒకటుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు బాగా ముందుకొచ్చారు. ట్రైనింగ్ రోజు సాయంత్రం అందరూ బాగా చెప్పేస్తే మనం సంబరపడతాం, కానీ ఆ సాయంత్రం మనల్ని మోసం చేస్తుంది. అందుకే శ్రీనుగారు చెప్పిన రెండు శనివారాల పద్ధతి లైన్ కోసం మాత్రమే కాదు, నేర్చుకోవడానికి కూడా మేలు. మధ్యలో వారం పని చేసి, కొంత మర్చిపోయి, మళ్ళీ వచ్చి గుర్తు తెచ్చుకోవడంలోనే అది గట్టిపడుతుంది.

మా హాస్పిటల్లో చేతులు కడుక్కోవడం నేర్పేటప్పుడు కూడా నేను "అర్థమైందా" అని అడగను. "నేను ఇవాళే చేరిన కొత్త సిస్టర్‌ని, నాకు మీరు నేర్పండి" అంటాను. ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్ళూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు అని నోటితో అందరూ చెప్తారు. చేసి చూపించమంటే బొటనవేలు దగ్గర, వేళ్ళ కొసల దగ్గర చేయి ఆగిపోతుంది. ఏది రాలేదో అక్కడే తెలుస్తుంది, అక్కడే సరిచేస్తాను. సుజాతా, మీరూ "అర్థమైందా" అనే మాట ఆ రోజుకు మానేయండి.

సుజాత_బొమ్మసంద్ర

అందరికీ చాలా థాంక్స్. పద్మా, నువ్వు రాసింది మా ప్రొడక్షన్ మేనేజర్‌కు కూడా చదివి వినిపించాను.

మాస్టారు చెప్పినట్టు వడపోస్తే 90లో 11 స్లైడ్లు మిగిలాయి, వాటిలో చాలావరకు ఫోటోలే. పద్మ మాట విన్నాక నేను లైన్ల మీదకు వెళ్ళి ఆ 22 మందిలో కొందరితో టీ టైములో విడివిడిగా మాట్లాడాను. డిఫెక్ట్ పేర్లు అందరికీ నోటికొచ్చు. కానీ ఒకే కాలర్ పీసు ముగ్గురికి చూపిస్తే ఇద్దరు పాస్ అన్నారు, ఒకరు ఆల్టర్ అన్నారు. డీహెచ్‌యూ అనే మాట బోర్డు మీద రోజూ చూస్తారు, అది ఎలా లెక్క కడతారో చాలామందికి ఎవరూ చెప్పనే లేదు. సాయంత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆలస్యం కావద్దని అందరూ అన్నారు, పిల్లలు క్రెష్‌లో ఉంటారు, హోసూరు బస్సు మిస్సయితే ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది.

మేనేజర్ రెండు శనివారాలకు ఒప్పుకున్నారు, పూటకు 11 మంది, మూడు గంటలు. ఇప్పుడు నా భయం భాషల గురించి. నాకు తెలుగు, కన్నడం బాగా వచ్చు, తమిళం పరవాలేదు, ఒడియా రాదు. ఆ నలుగురికీ హిందీ కొంచెం వచ్చు.

ములబాగల్_టీచర్

సుజాతగారూ, మా బడి ఉన్నది ఆంధ్రా సరిహద్దుకు దగ్గర్లో. క్లాసులో సగం పిల్లల ఇంటి భాష తెలుగు, పుస్తకం కన్నడం, కొందరి ఇంట్లో ఉర్దూ. కాబట్టి ఈ తలనొప్పి నాకు బాగా తెలుసు.

మీరు ఎంత తక్కువ మాట్లాడితే భాష సమస్య అంత తగ్గుతుంది. పీసు టేబుల్ మీద ఉంటే దాని మీద వేలు పెట్టి చూపించడానికి అనువాదం అక్కర్లేదు. ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త 1981లో చెప్పిన పద్ధతి ఒకటి మా క్లాసులో రోజూ వాడతాను: ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించాలి, తర్వాత పక్కనున్న మనిషితో చర్చించాలి, ఆ తర్వాతే అందరిలో చెప్పాలి. మొదటి మెట్టు దాటించేయకండి. నేరుగా అందరినీ అడిగితే నోరున్న ఇద్దరు ముగ్గురే చెప్తారు, మిగతావాళ్ళు వాళ్ళకే తలూపుతారు. జంటలుగా మాట్లాడుకునేటప్పుడు వాళ్ళ భాషలో వాళ్ళు మాట్లాడుకోనివ్వండి, ఒడియాలో మాట్లాడుకున్నా సరే, మీకు అర్థం కావాల్సిన పని లేదు. ఒడిశా అమ్మాయిల్ని బ్యాచ్‌కు ఇద్దరు చొప్పున పెట్టండి, ఒక్కతే పడితే రోజంతా మౌనంగా కూర్చుంటుంది.

రాత పరీక్ష పెట్టకండి. చదవడం, రాయడం అందరికీ ఒకేలా రాదు, అప్పుడు మీరు కొలిచేది చెకింగ్‌ని కాదు, చదువుని. చొక్కా బొమ్మ ముందువైపు, వెనకవైపు గీసిన చిన్న కాగితం ఇవ్వండి, తప్పు ఎక్కడ కనపడితే బొమ్మ మీద అక్కడ సున్నా చుట్టమనండి. అంతే.

లెక్క విషయం. ముందు మీరు ఒకటి పూర్తిగా చేసి చూపించండి: 60 పీసులు చూశాం, మొత్తం 9 తప్పులు దొరికాయి, 9ని 60తో భాగించి 100తో గుణిస్తే డీహెచ్‌యూ 15. రెండోదానికి చివరి మెట్టు వాళ్ళతో చేయించండి. మూడోది మొత్తం వాళ్ళే చేయాలి. ఆ మూడోదానిలో ఒకే పీసులో రెండు తప్పులు పెట్టండి, తప్పుల్ని లెక్కపెట్టాలా పీసుల్నా అనే గొడవ వాళ్ళలోనే మొదలవుతుంది, అది తేలితే ఇక మర్చిపోరు.

రామ్మూర్తి_మాస్టారు

టీచర్‌గారు చెప్పిన చొక్కా బొమ్మ ఐడియా బంగారం. నేను చేతిపని నేర్పే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ఫ్యాక్టరీలోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1945 దాకా, అమెరికాలో పనిలోకి కొత్తగా వచ్చిన లక్షలమందికి త్వరగా పని నేర్పాల్సి వచ్చింది. అప్పుడు ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒక కార్యక్రమం నడిపారు. యుద్ధం అయ్యాక అది జపాన్ ఫ్యాక్టరీలకు వెళ్ళి అక్కడ బాగా పాతుకుపోయింది. నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చేయడం, పని చూపించడం, వాళ్ళ చేత చేయించడం, తర్వాత వెంట ఉండి చూడటం. నేర్చుకునేవాడికి రాలేదంటే నేర్పేవాడు నేర్పలేదని అర్థం అని వాళ్ళ కార్డు మీదే అచ్చు వేశారు.

దీనికి ముందు ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటుంది, చాలామంది వదిలేసేది అదే. పనిని మూడు గళ్ళలో విడగొట్టాలి: ముఖ్యమైన మెట్టు, ఆ మెట్టులో కీలకం, ఎందుకు. ఉదాహరణకు మా కోడలు గార్మెంట్స్‌లోనే చేస్తుంది, ఆమెను అడిగి రాశాను. మెట్టు: కాలర్ చూడటం. కీలకం: రెండు కాలర్ కొసల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టుకోవాలి. ఎందుకు: విడివిడిగా చూస్తే రెండూ బాగానే ఉన్నట్టుంటాయి, కలిపి పట్టుకుంటేనే ఒక కొస పొడుగు, ఒకటి పొట్టి అని తెలుస్తుంది. ఇంకో మెట్టు: సైడ్ సీమ్. కీలకం: కుట్టుకు అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగుతూ చంక కింద నుంచి హెమ్ (చొక్కా కింది అంచు) దాకా రావాలి. ఎందుకు: పరిచి చూస్తే విడిపోయిన కుట్టు మూసుకునే ఉంటుంది, లాగితేనే నోరు తెరుస్తుంది.

చూపించేటప్పుడు మొదటిసారి మెట్లు మాత్రమే చెప్పండి. రెండోసారి కీలకాలు కలపండి. మూడోసారి ఎందుకో చెప్పండి. మూడూ ఒకేసారి కుమ్మరిస్తే తల పట్టదు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడకుండా ఒకసారి చేయాలి, రెండోసారి చేస్తూ మెట్లు పైకి చెప్పాలి, ఆపైన కీలకాలు, కారణాలు కూడా చెప్పాలి. మీకు నమ్మకం కుదిరేదాకా చేయించండి. ఒక పూటలో ఇలా ఒకటో రెండో పనులే పడతాయి, అంతకుమించి పెట్టుకోకండి.

సుజాత_బొమ్మసంద్ర

ఇదీ నా ప్లాన్, ఉతికి ఆరేయండి.

మొదటి శనివారం. గదిలో వరస కుర్చీలు తీయించి, చెకింగ్ లైట్లతో టేబుళ్ళు గోడల వెంబడి వేయిస్తున్నాను, 12 పీసులు నంబర్లు వేసి వాటి మీద పెడతాను. వాళ్ళు రాగానే, పరిచయాల కంటే ముందే, టేబుల్ నుంచి టేబుల్‌కు నిమిషానికొకటి చొప్పున తిరుగుతూ చొక్కా బొమ్మ మీద తప్పు చుట్టాలి. మాట్లాడుకోకూడదు. 12 నిమిషాల్లో ఎవరికి ఏది కనిపిస్తోందో నాకు తెలుస్తుంది. మార్కులు చెప్పను, కాగితం వాళ్ళ దగ్గరే ఉంటుంది. తర్వాత జంటలుగా పోల్చుకుంటారు, తేడా వచ్చిన పీసుల్ని మధ్య టేబుల్ మీదకు తెస్తారు, చర్చ వాటి మీదే. ఆ తర్వాత మాస్టారి పద్ధతిలో చూసే వరస: కాలర్, ప్లాకెట్ (బటన్ల పట్టీ), పాకెట్, షోల్డర్, ఆర్మ్‌హోల్, స్లీవ్, కఫ్, సైడ్ సీమ్, హెమ్, ఆపైన తిరగేసి లోపలివైపు. ఒక్కొక్కరూ నా ముందు చేసి చూపించాలి. చివరి అరగంట డీహెచ్‌యూ లెక్క.

రెండో శనివారం కొత్త 12 పీసులతో అదే తిరుగుడు. వారంలో ఎవరికి ఏ పీసు దగ్గర సందేహం వచ్చిందో అది పట్టుకురావాలి. తర్వాత పద్మ అడిగిన సంగతి, పీసు తిరిగి ఇచ్చే మాట. నీడిల్ పాలసీకి ఇరవై నిమిషాలు.

పీణ్య_శ్రీను

12 పీసుల కోసం మంచి చొక్కాలను పాడు చేయకండి, ఆల్టర్ డబ్బాలోంచి, రిజెక్ట్‌లోంచి ఏరండి. నిజమైన తప్పులు నిజంగానే కనపడతాయి, మనం కావాలని చేసినవి మరీ కొట్టొచ్చినట్టు ఉంటాయి. నాలుగైదు పీసులు ఏ తప్పూ లేనివి కలపండి. వాటి లెక్క స్టోర్ రిజిస్టర్‌లో రాయించుకోవడం మర్చిపోకండి.

లత_నర్స్_ఎడ్యుకేటర్

ప్లాన్ చాలా బాగుంది. మూడు మార్పులు చెప్తాను. భోజనం తర్వాత వచ్చే బ్యాచ్‌కు చర్చ కంటే నిలబడి చేసే పని ఎక్కువ పెట్టండి. డీహెచ్‌యూ చివర్న వద్దు, బస్సు టైము దగ్గర పడ్డాక లెక్క ఎవరికీ ఎక్కదు, మధ్యలోకి తెండి. సూపర్వైజర్లను ఆ మూడు గంటలూ గదిలో ఉంచకండి. కానీ వాళ్ళతో వేరే అరగంట కూర్చుని మీరు ఏం నేర్పుతున్నారో చెప్పండి, లేకపోతే ఇక్కడ నేర్చుకున్న వరసను సోమవారం "టైం లేదు, త్వరగా చూడు" అని వాళ్ళే చెరిపేస్తారు.

కుప్పం_పద్మ

అక్కా, పీసు ఇచ్చే మాట ప్రాక్టీస్ చేయించేటప్పుడు టైలర్ వేషం మీరు వేయకండి, మీ మీద ఎవరూ గొంతు లేపరు. వాళ్ళలోనే ఒకరిని టైలర్‌గా పెట్టండి.

సుజాత_బొమ్మసంద్ర

రెండు శనివారాలూ అయ్యాయి, చెప్పడానికి వచ్చాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదటి తిరుగుడులోనే గది వాతావరణం మారిపోయింది. వచ్చినవాళ్ళు కుర్చీలు ఎక్కడా అని చూశారు, లేవు. పీసు చేతిలో పడగానే బెరుకు పోయింది, అది వాళ్ళ వస్తువు కదా. ఏడో నంబరు పీసులో రెండో బటన్ దారం వదులుగా ఉంది, దాన్ని పట్టుకున్నది పొద్దున బ్యాచ్‌లో ఒక్క ఒడిశా అమ్మాయి మాత్రమే. మధ్య టేబుల్ దగ్గర ఆమె ఏమీ మాట్లాడకుండా బటన్‌ను వేలితో తిప్పి చూపించింది. అప్పటి నుంచి అందరూ ప్రతి బటన్‌నూ తిప్పి చూడటం మొదలుపెట్టారు, నేను చెప్పకుండానే.

అసలు పోరు పకరింగ్ దగ్గర వచ్చింది. ఆర్మ్‌హోల్ దగ్గర చిన్న ముడత ఉన్న పీసు, సగం మంది పాస్, సగం మంది ఆల్టర్. ఇద్దరు గట్టిగానే వాదించుకున్నారు. నాకు కూడా ఖచ్చితంగా చెప్పడం కష్టమైంది కాబట్టి క్వాలిటీ హెడ్‌ను గదికి పిలిపించాను. ఆయన దాన్ని ఇస్త్రీ చేయించి చూపించి, ఇస్త్రీ తర్వాత కూడా కనపడితే ఆల్టర్, పోతే పాస్, ఈ బయ్యర్‌కు ఇదీ లెక్క అన్నారు. ఒకామె వెంటనే "మరి ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం సార్" అంది. ఆయన దాన్ని బాగా తీసుకున్నారు. మూడు పీసులు, పాస్ ఒకటి, సరిహద్దు మీద ఉన్నది ఒకటి, ఆల్టర్ ఒకటి, బోర్డుకు కుట్టి ప్రతి టేబుల్ పక్కన వేలాడదీయమన్నారు. ఇప్పుడు అవి లైన్ల మీద ఉన్నాయి. ఆ ట్రైనింగ్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇదే. వాళ్ళకు తెలియనిది 90 స్లైడ్లలో ఎక్కడా లేదు.

డీహెచ్‌యూ దగ్గర టీచర్‌గారు చెప్పినట్టే గొడవ వచ్చింది, తేలింది, నేను నోరు విప్పకముందే తమిళం ఆమె ఒకరు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించి తేల్చేశారు.

రెండో శనివారం రాగానే, ఏమీ గుర్తు చేయకుండా, కాలర్ నుంచి లోపలివైపు దాకా వరస చేసి చూపించమన్నాను. చాలామందికి ఆర్మ్‌హోల్ దాకా గడగడా వచ్చింది, కఫ్, సైడ్ సీమ్ దగ్గర కొందరు తారుమారు చేశారు. పక్కవాళ్ళే సరిచేశారు. లతగారు చెప్పిన మర్చిపోయి గుర్తు తెచ్చుకోవడం కళ్ళ ముందు చూశాను.

పీసు తిరిగి ఇచ్చే మాటకు అరగంట అనుకున్నాను, గంట పట్టింది. టైలర్ వేషం వేసినావిడ నిజంగానే విరుచుకుపడింది, "నిన్న నీ పీసులు నేనేగా సరిచేసి పెట్టింది" అని. చెకర్‌గా ఉన్నామె ఏమనాలో తెలియక నిలబడిపోయింది. అప్పుడు మిగతావాళ్ళు తలా ఒక మాట ఇచ్చారు. చివరికి అందరూ బాగుందన్నది మదనపల్లె ఆమె మాట: పీసు పట్టుకుని పక్కకు వెళ్ళి, తప్పు మీద వేలు పెట్టి, "అక్కా, ఇది చూడు, ఇక్కడ విడిపోయింది, బండిల్‌లో మిగతావి కూడా ఒకసారి చూస్తావా" అని మెల్లగా అడగడం. నువ్వు తప్పు చేశావనే మాట అందులో లేదు, పీసు మీదే మాట. కన్నడంలో, తమిళంలో, హిందీలో ఎవరి మాటల్లో వాళ్ళు చెప్పి చూసుకున్నారు.

నీడిల్ పాలసీకి టైము సరిపోలేదు. విరిగిన సూది ముక్కలన్నీ దొరికేదాకా ఆ పీసు కదలకూడదు, ముక్కలు రిజిస్టర్‌లో అతికించాలి అనే వరకు చెప్పగలిగాను. దాన్ని వచ్చే వారం లైన్ల మీదే పది నిమిషాలు విడిగా చేస్తాను. నాలుగున్నరకు ముందే వదిలేశాం, రెండు రోజులూ.

పీణ్య_శ్రీను

చాలా సంతోషం సుజాతగారూ. ఆ మూడు పీసుల బోర్డు మా దగ్గర కూడా పెట్టిస్తాను. ఒక అడగాల్సిన మాట, ఇప్పుడు లైన్ మీద ఎవరు చూస్తున్నారు వీళ్ళను?

సుజాత_బొమ్మసంద్ర

మాస్టారి నాలుగో మెట్టు కదా. ప్రతి టేబుల్‌కు ఒక పాత చెకర్ పేరు చెప్పి, సందేహం వస్తే ఆమెనే అడగమన్నాం. నేను మొదటి వారం రోజూ, తర్వాత రెండు రోజులకోసారి వెళ్ళి అయిదు పీసులు వాళ్ళతో కలిసి చూస్తున్నాను. సూపర్వైజర్లతో అరగంట కూర్చున్నాం, ఒకాయన ఇంకా "త్వరగా" అంటున్నారు, ఆయనతో మేనేజర్ మాట్లాడతానన్నారు.

కుప్పం_పద్మ

అక్కా, ఆ చొక్కా బొమ్మ కాగితం ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి. మా దగ్గర వచ్చే నెల కొత్త చెకర్లు వస్తున్నారు, మా క్వాలిటీ సార్‌కు చూపించి అడుగుతాను.

సుజాత_బొమ్మసంద్ర

ముందువైపు, వెనకవైపు, లోపలివైపు మూడూ ఇక్కడే పెడుతున్నాను పద్మా, ప్యాంటుకు కూడా ఒకటి గీయిస్తున్నాం, అయ్యాక అదీ పెడతాను. మీ దగ్గర ట్రైనింగ్ అయ్యాక ఎలా జరిగిందో రాయి, ముఖ్యంగా మీవాళ్ళు ఏ పీసు దగ్గర కొట్టుకున్నారో.